టీవీ దుకాణంలో గడియారం

టీవీలో సామాన్లు అమ్మే ఛానళ్ల మీద మీ అభిప్రాయం రాయండని మొన్న తొమ్మిదో తరగతి వాళ్లకు ఇంటిపని ఇచ్చాను. వచ్చిన కాగితాల్లో ఎక్కువ భాగం యాంకర్ల గురించే. "ఆవిడ ఊపిరి తీసుకోదు మేడమ్" అని ఒకరు. "ఒకే చీరను అరగంట మెచ్చుకుంటుంది" అని ఒకరు. "వెనకాల ఫోన్లు మోగుతూనే ఉంటాయి, ఎవరూ ఎత్తరు" అని ఇంకొకరు. వస్తువుల గురించి రాసింది కొద్దిమందే గానీ, వాళ్లు మాత్రం మండిపడుతూ రాశారు. తెర మీద ధగధగలాడిన గిన్నెల సెట్టు ఇంటికొచ్చేసరికి చెల్లెలి బొమ్మలాటకు సరిపోయేంత ఉందట.

కోపం న్యాయమైనదే. అయితే అది పడవలసిన చోట పడటం లేదని నా అభిప్రాయం. సరుకును పొగడటం అమ్మేవాడి పని. గోల్ బజార్‌లో వంకాయలు అమ్మేవాడు కూడా "లేతవమ్మా, వెన్నలా ఉడుకుతాయి" అంటాడు. మనం విని ఊరుకోం, తొడిమ చూస్తాం, వేలితో నొక్కుతాం, పుచ్చులేరుతాం. తెర మీద వస్తువును నొక్కి చూడలేం కాబట్టి మన చేతికి బదులు యాంకర్ చెయ్యి పనిచేస్తుంది. ఆవిడే దుప్పటి నిమురుతుంది, ఆవిడే చుక్క నూనె లేకుండా దోసె తీసి చూపిస్తుంది. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు.

అసలీ వ్యాపారం పుట్టిందే నోటిమాట మీద. 1977లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్లో ఒక రేడియో స్టేషన్‌కు బాకీపడ్డ ప్రకటనదారు డబ్బుకు బదులు డబ్బాల మూతలు తీసే కరెంటు మిషన్లు 112 ఇచ్చాడు. బాబ్ సర్కోస్టా అనే రేడియో వ్యాఖ్యాత వాటిని ప్రసారంలోనే అమ్మేశాడు. విన్నవాళ్లకు వస్తువు కనబడను కూడా లేదు, గొంతు వినబడింది అంతే! ఆ అనుభవమే 1982లో స్థానిక కేబుల్ ఛానల్ అయింది, 1985లో హోమ్ షాపింగ్ నెట్‌వర్క్ పేరుతో అమెరికా అంతటికీ చేరింది. మన దేశంలో 2008లో హోమ్‌షాప్18 వచ్చింది. ఆ తర్వాత ఇలాంటి అమ్మకాలు తెలుగులోనూ మొదలయ్యాయి.

తెలుగులో రావడమే మనలాంటివాళ్లకు ముఖ్యమైన సంగతి. ఖరగ్‌పూర్ ఒక మినహాయింపు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్న ఊరిది, బజారులో తెలుగులో బేరమాడవచ్చు. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్లను తలచుకోండి. కొత్త క్వార్టరు, కొత్త భాష, ఏ కొట్టువాడు నమ్మదగినవాడో తెలియదు. నా పాత పోస్టింగుల్లో ఒకచోట పక్కింటి మామ్మగారు పొద్దస్తమానం ఈ ఛానలే పెట్టుకునేవారు. అంత ఏం కొంటారండీ అని అడిగితే, "కొనడం ఎక్కడమ్మా, వింటాను. కొడుకు డ్యూటీకి, కోడలు ఆఫీసుకి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేది ఆ పిల్లొక్కతే" అన్నారు. అలాంటి మనిషిని "తెలివితక్కువగా మోసపోయింది" అనడం నాకు నచ్చదు. అన్నట్టు, ఆ పిల్ల పెదవులు ఒకటి పలికేవి, మనకు వినిపించేది ఇంకొకటి. "కేవలం 999 రూపాయలు మాత్రమే" అన్నప్పుడల్లా 'కేవలం' ఉండగా 'మాత్రమే' ఎందుకని నా తెలుగు ప్రాణం కొట్టుకునేది.

నా అభ్యంతరమంతా తెర మూల తిరిగే గడియారం మీద. "ఇంకా 3 నిమిషాలే", "మిగిలినవి 12 సెట్లే", "ఈ ధర మళ్లీ రాదు". ఆ మామ్మగారికి సాయంత్రం కొడుకు వచ్చాక అడుగుదామని ఉంటుంది. గడియారం పని ఆ అడగడాన్ని ఆపడమే. మనకు సంతలో వంకాయను నొక్కే తీరిక ఉన్నట్టే, ఇంట్లో నలుగురినీ అడిగే తీరిక కూడా ఉండాలి. యాంకర్ పొగడ్త మన చెవిలో పడుతుంది, కావాలంటే వదిలేస్తాం. గడియారం మాత్రం మన ఆలోచననే కత్తిరిస్తుంది. అందులోనూ ఆ కార్యక్రమం ఎప్పుడో రికార్డు చేసింది అయితే ఆ 3 నిమిషాలు ఎవరివి? ఆ 12 సెట్లు ఏ రోజువి?

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నాప్‌టాల్ సంస్థకు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. బంగారు ఆభరణాల సెట్టు, మోకాలికి అయస్కాంత పట్టీ, ఆక్యుప్రెషర్ యోగా చెప్పులు, ఈ మూడింటి ప్రకటనలు తప్పుదోవ పట్టించేవని తేల్చింది. అక్కడితో ఆగకుండా, ముందే రికార్డు చేసిన కార్యక్రమమైతే ఆ సంగతి చెప్పాలని, సరుకు అయిపోతోందన్న కృత్రిమ కొరత చూపించడం మానాలని ఆదేశించింది. నాకు జరిమానా కంటే ఈ రెండో భాగమే పెద్దదిగా కనిపిస్తుంది. పదిలక్షలు పెద్ద సంస్థకు ఒక లెక్కా? గడియారాన్ని తప్పుపట్టడం మాత్రం లెక్కే.

బదిలీ కుటుంబాలకు ఇంకో చిక్కుంది. మార్చిలో ఆర్డరు ఇచ్చిన మిక్సీ ఏప్రిల్‌లో పాడవుతుంది, మార్చి ఇస్తామన్న కొత్తది పాత క్వార్టరుకు చేరేసరికి అక్కడ వేరే వాళ్లుంటారు. ఇక మనదైన ఊరు ఏది, ఎక్కడ ఫిర్యాదు చేయాలి అని పెద్దవాళ్లు వదిలేస్తారు. అలా వదలక్కర్లేదు. 1986 నాటి పాత చట్టంలో అమ్మిన సంస్థ ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2019 చట్టం, కొన్నవాళ్లు నివసించే చోటే, లేదా ఉద్యోగం చేసే చోటే జిల్లా కమిషన్‌కు వెళ్లే వీలిచ్చింది. అంటే కంపెనీ ఎక్కడ ఉన్నా ఖరగ్‌పూర్‌లో ఉండే కుటుంబం పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే అడగవచ్చు. అంతదాకా పోకుండా, ముందు 1915కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇంట్లో ఎవరైనా ఆ ఛానల్ చూస్తుంటే ఎగతాళి చేయకుండా పక్కన కూర్చోండి. మూలన చిన్న అక్షరాలు పరుగెడుతుంటాయి, మామ్మల కళ్లకు అవి ఆనవు. డెలివరీ ఖర్చు అదనమని, రికార్డు చేసిన కార్యక్రమమని ఉంటే పైకి చదివి వినిపించండి. పార్శిల్ వచ్చినప్పుడు ఒకరు విప్పుతుంటే మరొకరు ఫోన్‌లో వీడియో తీయండి. బిల్లును మాత్రం, ఈసారి బదిలీకి పెట్టెలు సర్దేటప్పుడు పాత పేపర్లతో కలిపి అమ్మేయకుండా, మీ టీసీలూ మార్కుల కాగితాలూ దాచే ఫైల్లోనే పెట్టమని అమ్మతో చెప్పండి.