వేలిముద్ర మనది, తాళంచెవి ఎవరిది?

"పాస్‌బుక్కు నా దగ్గర్నే ఉంది. కార్డు లేనే లేదు. మరి పైసలెట్ల పోయినయి బిడ్డా?"

కోస్గిలో మా పక్కింటి పెద్దమ్మ అడిగిన మాట ఇది. బ్యాంకుకు పోతే, "నువ్వే వేలు పెట్టి తీసుకున్నవమ్మా" అన్నారట. ఆమె ఆ రోజు ఇల్లు కదలలేదు.

ఆమె విషయంలో ఏం జరిగిందో నేను రుజువు చేయలేను. కానీ మన వేలు మన దగ్గరే ఉండగా ముద్ర వేరేచోట పడొచ్చని 2018లోనే తేలింది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకాయన, అమ్మకాల టార్గెట్ కోసం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజులు తీసుకున్నాడు. వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపుల మిషన్‌తో అచ్చు తీసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తాళాలు పగలగొట్టే పనే పడలేదు. ముద్ర, ఆధార్ నంబరు రెండూ ఒకే కాగితంలో దొరికాయి! మన పేరు మీద ఇంత జాగా ఉండాలని కొట్లాడి రాయించుకుంటామే, అలాంటి కాగితాలే అవి.

ఊళ్లలో డబ్బులిచ్చే చిన్న మిషన్‌కు ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా! అందుకే ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే ఏర్పాటు ఉంది. ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో వేసుకోవచ్చు. రేషన్‌కో పింఛన్‌కో వేలు పెట్టాల్సిన రోజు కాసేపు తీసుకోవాలి. అదో తిప్పలే, కాదనను.

అసలు చిక్కు అది కాదు. తాళం వేయాలంటే ఓటీపీ కావాలి. పెద్దమ్మ ఆధార్‌కు ఉన్నది కొడుకు నంబరు. కొడుకు బొంబాయిలో పనిలో ఉన్నాడు. బ్యాంకు మెసేజీ కూడా అక్కడికే పోయింది. అతను చూసుకునేసరికి వారం దాటింది. మన పాలమూరు వలస ఇళ్లలో ఎందరి నంబర్లు ఇట్లా భర్తల దగ్గర, కొడుకుల దగ్గర ఉన్నాయో!

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకులో మూడు రోజుల్లోపే రాసిచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటతో వదిలేయొద్దు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం చేశారు, జరిమానా 250 కోట్ల దాకా రాశారు. అది పోయేది సర్కారు ఖజానాకు, పెద్దమ్మ ఖాతాకు కాదు.

మొన్న ఆమెను ఆధార్ సెంటర్‌కు తీసుకుపోయాను. నంబరు మార్చడానికి కాగితాలేవీ అడగలేదు, ఆమె వేలు పెడితే సరిపోయింది. ఇప్పుడు ఓటీపీ ఆమె బటన్ ఫోనుకే వస్తుంది. బ్యాంకు నుంచి మాత్రం జవాబు ఇంకా రాలేదు.