సీడీలో పాటకు పేరు ఎవరు పెట్టాల?

బాగేపల్లిలో, చింతామణిలో, చిక్కబళ్ళాపురంలో మనవాళ్ళ ఇళ్ళల్లో టీవీ కింది అరలో సీడీలు ఇంకా పడి ఉన్నాయి. కైవారం తాతయ్య కీర్తనలు, హరికథలు, మన పెళ్ళిళ్ళలో రికార్డు చేయించిన పాటలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించమంటే పిల్లలు అడిగేది ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ బిరీన చేస్తుంది?" ఆ ప్రశ్నే తప్పు. పాట పేరు తెలుగులో రాయనిచ్చేది ఏది, రాసింది నిలబెట్టేది ఏది అని అడగాల.

మామూలు ఆడియో సీడీల్లో చాలావాటిలో పాట పేర్లే ఉండవు. డిస్కులో ఎన్ని పాటలు, ఒక్కొక్కటి ఎంతసేపు అనే లెక్క చూసి, ఎవరో ఎక్కడో టైపు చేసిన పేర్లను సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లోంచి తెస్తుంది. మన ఊరి డిస్కు అక్కడ లేకపోతే "ట్రాక్ 1, ట్రాక్ 2" అంటుంది. లెక్క కలిస్తే వేరే డిస్కు పేర్లే అంటగడుతుంది. దాన్ని నమ్మి "ఓకే" నొక్కేస్తే మన పాట ఇంకొకరి పేరుతో మిగిలిపోతుంది.

తాతయ్య తెలుగులోనూ పాడినాడు, కన్నడంలోనూ పాడినాడు. సీడీ కర్ణాటకది కదా అని అన్నిటికీ "కన్నడ భక్తిగీతాలు" అని రాసేస్తే ఎట్లా? నాకు కన్నడం మీద కోపం లేదు. కన్నడ పాటకు కన్నడమనే రాయండి, తెలుగు పాటకు తెలుగని రాయండి. బడిలో తెలుగు చదవని మన పిల్లలకు అది ఇంకెవరు చెప్తారు?

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా" అంటారు. ఇంకొకరు పెట్టింది వాళ్ళు ఎప్పుడైనా తీసేయొచ్చు. మీ అవ్వ పాడిన పెళ్ళిపాట అక్కడ అసలు లేనే లేదు. ఇంట్లో రాసిన సీడీలో రంగుపొర ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది కూడా.

అందుకే నా మాట ఇది. విండోస్ ఉంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడండి. నిదానమే, కానీ గీతలు పడ్డచోట మళ్ళీ మళ్ళీ చదివి, అనుమానం ఉంటే చెప్తుంది. ఫ్లాక్‌లో దాచండి: 700 ఎంబీ సీడీ సుమారు సగానికి తగ్గుతుంది, శబ్దం ఏమీ పోదు. కారుకు ఎంపీత్రీ కావాలంటే దాన్నుంచి తీసుకోండి. పేర్లకు ఎంపీత్రీ ట్యాగ్ చాలు, తెలుగు లిపి చక్కగా తీసుకుంటుంది. పాత రకం ఐడీత్రీ మొదటి వెర్షన్ మాత్రం వద్దు. పాట పేరుకు అందులో 30 ఇంగ్లిష్ అక్షరాల చోటే ఉంది, తెలుగు పట్టదు.

ప్రతి పాటకూ పేరు, కట్టినవారు, పాడినవారు, భాష, ఊరు రాయండి. సాఫ్ట్‌వేర్ వచ్చే ఏడైనా దొరుకుతుంది. గొంతు విని "ఇది మా చిన్నత్త గొంతు" అని చెప్పగలిగే పెద్దవాళ్ళు అట్లా దొరకరు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పండక్కే మొదలుపెట్టండి.