ముందు టాప్ చూడు అల్లుడూ

ఓపెన్ టాప్ కారు కొనాలనుకునేవాళ్ళు మొట్టమొదట ఇంజను గురించి అడుగుతారు. హార్స్ పవర్ ఎంత, వంద స్పీడు అందుకోవడానికి ఎన్ని సెకన్లు? కోలారు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో చాలా ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపినవాణ్ణి, ఈ వరుసే తప్పని నా అభిప్రాయం. ఇంచుమించు అదే ఇంజను అదే కంపెనీ మామూలు కారులోనూ దొరుకుతుంది. మనం అదనంగా డబ్బు పోసేది టాప్‌కి. కారేది టాపు, చిరిగేది టాపు, రేపు అమ్మబోతే బేరగాడు వేలు పెట్టి చూపించేదీ టాపే. ఈ కార్లను పోల్చాలంటే ముందు వాటిని టాప్ మూసి పక్కపక్కన నిలబెట్టాలి.

ఈ బుద్ధి నాకు మా నాయన నుంచి వచ్చి ఉంటుంది. ఆయన చాంపియన్ రీఫ్‌ గనిలో భూమి లోపల పని చేశాడు. మూడు కిలోమీటర్లు దాటిన లోతు. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలి మీద పడే గని అది. లోపలికి దిగిన మనిషి పనిముట్టు పట్టకముందే తలెత్తి పైకప్పు చూసేవాడు, కమ్మీతో తట్టి శబ్దం వినేవాడు. కోటి రూపాయల కారుకైనా నాకు తెలిసిన పరీక్ష అదే.

మా మేనల్లుడికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్ళకోసం ఇప్పటికే ఒక పెద్ద కారు. 2024 డిసెంబరులో బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కర్ణాటక భాగం, హొసకోట నుంచి మాలూరు, బంగారుపేటల పక్కగా బేతమంగళ వైపు 71 కిలోమీటర్లు, ఏ ఆర్భాటమూ లేకుండా బండ్లకు వదిలారు. అప్పట్నుంచి వాడికి ఈ పిచ్చి పట్టింది. ఒక ఆదివారం ఫోను నిండా బొమ్మలు వేసుకొచ్చాడు. "మామా, మూడు ఏరిపెట్టినా. యాది తీసుకుందామో నువ్వే చెప్పల్ల."

మూడూ మంచివే. అన్నిటికన్నా చిన్నది మినీ కూపర్ ఎస్ కన్వర్టిబుల్. రెండోది బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ, రెండే సీట్లు, ఆరు సిలిండర్లు, 340 హార్స్ పవర్. 2023లో ఎక్స్ షోరూం ధర 89 లక్షల 30 వేలు. మూడోది మెర్సిడెస్ సీఎల్ఈ 300 కాబ్రియోలే, నాలుగు సీట్లు, 258 హార్స్ పవర్. 2024 ఆగస్టులో కోటీ పది లక్షలకు దింపారు. సెకండ్ హ్యాండ్‌లో రేకు టాప్ ముడుచుకునే పాతవి కూడా ఒకటి రెండు చూశాడట.

మా జిల్లాకి ఇదెందుకు అనేవాళ్ళు ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడ్డాక రోజూ వేలమంది మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి పని చేసుకొస్తున్న ఊరు ఇది, ఇక్కడి రోడ్డు మీద కోటి రూపాయల షోకేమిటని. నాకు ఆ అభ్యంతరం లేదు. శివనసముద్రం కరెంటు మా గనులకు 1902లోనే వచ్చింది, బెంగళూరుకి ఆ తర్వాత మూడేళ్ళకి గానీ రాలేదు. ఖరీదైనది ముందు ఇక్కడ చూసి ఆశ్చర్యపోవడం మావాళ్ళకి అలవాటే. 2023 జులైలో బేతమంగళ వైపు రైతు కుటుంబం ఒకటి కోలారు మార్కెట్లో 2,000 బాక్సుల టమాటా అమ్మి 38 లక్షలతో ఇంటికి పోయిందని పేపర్లన్నీ రాశాయి. ఆ డబ్బుతో వాళ్ళేం కొన్నారని నేను అడగను. మా వాడి జీతమూ అంతే, వాడి చెమట వాడిది. ఏం చూసి కొంటున్నావన్నదే నా గొడవ.

ఇక టాప్ సంగతి. మూడింటికీ గుడ్డ టాపే. గుడ్డ అనగానే కుషన్ షాపులో కుట్టించే జీపు రెక్సిన్ అనుకోకండి. పొరల మీద పొరలు, మధ్యలో వేడినీ చప్పుడునీ ఆపే మందమైన పొర, వెనక అసలు గాజు అద్దం. మినీది తెరుచుకోవడానికి 18 సెకన్లు, బండి 30 స్పీడు లోపల ఉండాలి. జెడ్4కి 10 సెకన్లు, 50 దాకా సరే. సీఎల్ఈకి 20 సెకన్లు, కానీ 60 మీద పోతూ కూడా పని చేస్తుంది. షోరూంలో ఈ అంకెలు తెరవడం గురించి చెబుతారు. మనకి ముఖ్యం మూయడం. ఏప్రిల్, మే నెలల్లో ముళబాగిలు రోడ్డు మీద సాయంత్రం వాన చెప్పి రాదు. వెనక టమాటా లారీ తరుముతుంటే 30కి తగ్గించి టాప్ మూసుకునేదాకా ఆగడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఈ లెక్కన మినీకి నేను ఒక మార్కు తగ్గిస్తాను.

రేకు టాప్ మీద మా వాడికి ఆశ ఎక్కువ. మూస్తే మామూలు కారే కదా అన్నాడు. 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కే తెచ్చిన ఫ్యాషన్ అది. వెనకటి తరం జెడ్4 కూడా, 2009 నుంచి 2016 దాకా, రేకు టాప్‌దే. కంపెనీలు మళ్ళీ గుడ్డకి తిరిగాయంటే ఊరికే కాదు. రేకు బరువు, ముడిస్తే డిక్కీ సగం మింగేస్తుంది, హైడ్రాలిక్ పంపు, గొట్టాలు, కీళ్ళు, సెన్సార్లు ఎన్నో. పాతబడ్డ కారులో వాటిలో ఒక్కటి మొండికేసినా టాప్ సగంలో నిలబడిపోతుంది, అది బెంగళూరు దాకా టో చేయించాల్సిన పనే. సెకండ్ హ్యాండ్‌లో అలాంటివి చవగ్గా కనిపిస్తాయి. అంత చవక ఎందుకో తెలియాలంటే అమ్మేవాడి ముందే వరసగా నాలుగైదు సార్లు తెరిచి మూయించండి.

గుడ్డ టాప్‌కి ఉన్న శత్రువులు వేరు. టాప్ చుట్టూ నీళ్ళు దిగిపోవడానికి సన్నటి కాలవలు, వాటి కింద గొట్టాలు ఉంటాయి. మా జిల్లాలో ఎక్కడ చూసినా నీలగిరి తోపులు, ఆ ఆకు సరిగ్గా ఆ సందుల్లో పట్టేంత సన్నగా ఉంటుంది. ఎండాకాలం గాలికి పాత గనుల సైనైడ్ దిబ్బల నుంచి లేచే బూడిదరంగు దుమ్ము వాటి మీద పడి, మొదటి వానకి గట్టిపడుతుంది. అప్పుడు నీళ్ళు బయటికి కాక కార్పెట్ కిందికి దిగుతాయి, కొన్ని మోడళ్ళలో వైరింగూ బాక్సులూ ఉండేది అక్కడే. అందుకని టెస్ట్ డ్రైవ్‌లో ఆ కాలవలు ఎక్కడున్నాయో, చెయ్యి దూరుతుందో లేదో చూడమన్నాను. చూపించమంటే సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేశాడని మా వాడు చెప్పాడు. తడిసిన టాప్‌ని ముడిచి పెడితే బూజు పడుతుందని, ప్రెషర్ వాటర్ కొడితే పోగులు లేస్తాయని, అంచుల్లోని రబ్బరు మా ఎండకి బిరుసెక్కకుండా సిలికాన్ రాస్తుండాలని కూడా ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ఇది బ్రోచర్లు రాసే దేశాల్లో ఎవరికీ తట్టదు: కోలారు పక్క అంతరగంగ గుడి మెట్ల దగ్గర గుడ్డ టాప్ కారు నిలపకూడదు. అక్కడి కోతులకి మీ సీట్ల మధ్య అరటిపండు ఉందని తెలిస్తే చాలు.

టాప్ లేకుంటే కారు ఒళ్ళు వదులవుతుంది. కంపెనీలు కింద ఉక్కు దట్టించి సరిచేస్తాయి, అందుకే ఇవి అదే రకం మామూలు కారుకన్నా బరువు. ఎంత బాగా సరిచేశారో తెలుసుకోడానికి యంత్రాలు అక్కర్లేదు. గుంతల రోడ్డు మీద మెల్లగా నడుపుతూ లోపలి అద్దం చూడండి. వెనక దృశ్యం వణికితే ఒళ్ళు వణుకుతున్నట్టే. దొర్లితే తలని కాపాడేది కూడా చూసుకోవాలి. జెడ్4లో సీట్ల వెనక కమ్మీలు ఎప్పుడూ నిలబడే ఉంటాయి. సీఎల్ఈలో వెనక సీట్ల వెనక దాగి ఉండి ప్రమాదంలో పైకి తన్నుకొస్తాయి. రెండూ నమ్మదగ్గవే. కంటికి కనిపించేదాని మీద నాకు కాస్త గురి ఎక్కువ, అది పాతకాలం మెకానిక్ బుద్ధి.

అసలు ఎప్పుడు తెరుస్తావురా అని అడిగాను. కోలారు మిట్ట సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైన ఉంది కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట స్వర్గం. ఎండాకాలం సాయంత్రాలు కొన్ని దక్కుతాయి. మిట్టమధ్యాహ్నం తెరిచి తిరిగేవాడు తిరిగి రాగానే మజ్జిగ అడుగుతాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద వంద దాటితే గాలి హోరుకి పక్కవాడి మాట వినపడదు. సీఎల్ఈలో ముందు అద్దం పైన లేచే చిన్న రెక్క, మెడ దగ్గర వెచ్చటి గాలి ఊదే ఏర్పాటు ఉన్నాయి. జనవరి పొద్దున మాలూరు మంచులో అవి పనికొస్తాయని ఒప్పుకుంటాను.

ఇక సీట్లు. ఇక్కడ మా వాడి లెక్క, నా లెక్క విడిపోయాయి. నాలుగు సీట్లుంటే అమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకోవచ్చు కదా, అందుకే సీఎల్ఈ అన్నాడు. వాళ్ళమ్మ మా అక్క. వంటింట్లోంచి మాట విని బయటికొచ్చింది. "నేనా? ఆ గుంతలో దిగి కూర్చుంటే లేపేదెవరురా? తల్లో పూలు నిలబడతాయా?" అని నవ్వి లోపలికి పోయింది. ఓపెన్ టాప్ కార్లలో వెనక సీటు చుట్టాల కోసం చేసే మొహమాటపు వాగ్దానం. గాలంతా అక్కడే కొడుతుంది, కాళ్ళకి చోటు ఉండదు. ఇంట్లో పెద్ద కారు ఎలాగూ ఉంది. రెండో కారు ఇద్దరికోసమే అని మనసులో తేల్చుకుంటే రెండు సీట్ల బండిలో అబద్ధం ఉండదు.

డిక్కీ కూడా ఆ మాటే చెబుతుంది. సీఎల్ఈ డిక్కీ 385 లీటర్లు, టాప్ తెరిస్తే 295. మినీది 215, తెరిస్తే 160. జెడ్4ది 281, తెరిచినా మూసినా అంతే. శ్రీనివాసపురం మామిడి బుట్ట ఒకటి పెట్టుకుని టాప్ తెరుచుకుని రావాలంటే, పోయేటప్పుడు పట్టింది వచ్చేటప్పుడూ పట్టాలి.

జెడ్4కి లోపాలు లేవని కాదు. నేలకి బాగా దగ్గర, బంగారుపేట రోడ్డు హంపులని ఏటవాలుగా ఎక్కించి దించాలి. స్టెప్నీ లేదు. ముందు టైర్లకన్నా వెనకవి వెడల్పు, కాబట్టి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకునే ఆదా ఉండదు. అన్నిటికీ మించి ఈ తరం జెడ్4కి కంపెనీ ఫైనల్ ఎడిషన్ ప్రకటించేసింది. కొత్తది కావాలంటే మిగిలిన స్టాకులో వెతకాలి, లేదా తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ చూడాలి. నాకైతే రెండోదే నయం. మొదటి మూడేళ్ళలో పడిపోయే ధర ఇంకెవరో భరిస్తారు.

ధర అంటే షోరూం ధర కాదు. కర్ణాటకలో 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకి లైఫ్ టాక్స్ 18 శాతం, దాని మీద సెస్సులు. కోటీ పది లక్షల మీద ఆ 18 శాతమే 19 లక్షల 80 వేలు. ఆ పన్ను డబ్బుతో బంగారుపేటలో ఇంటిల్లిపాదీ తిరిగే కారు వస్తుంది. ఇక్కడే ఎవరో ఒకరు చెవిలో పుదుచ్చేరి అంటారు. అక్కడి నంబరు వేయించి ఇక్కడ తిప్పితే కలిసొస్తుందని. బెంగళూరులో రవాణా శాఖవాళ్ళు 2025 ఫిబ్రవరిలో ఒకేసారి 30 లగ్జరీ కార్లు పట్టుకున్నది ఇలాంటి తెలివి మీదే. కన్వర్టిబుల్ మన జిల్లాలో ఎక్కడ ఆగినా పదిమంది చూస్తారు, నంబరు ప్లేటు మరీ చూస్తారు. మన కోలారు నంబరు కేఏ-08 వేయించుకుని ధీమాగా తిరుగు అన్నాను.

ఇన్సూరెన్సు దగ్గర ఇంకో మెలిక. మామూలు పాలసీలో రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగాలకు సగం కోసేస్తారు. టాప్ మొత్తం మార్చాల్సి వస్తే ఖర్చు లక్షల్లో ఉంటుంది. జీరో డిప్రీసియేషన్ తీసుకోవడమే కాదు, టాప్ గుడ్డ, దాని మోటారు ఏ లెక్కలోకి వస్తాయో రాతపూర్వకంగా అడగాలి.

టెస్ట్ డ్రైవ్ అంటే వైట్‌ఫీల్డ్‌లో ఒక చుట్టు తిప్పి చేతిలో కాఫీ పెడతారు. అది చాలదు అల్లుడూ. హొసకోట దాటి మాలూరు దాకా అడుగు, మధ్యాహ్నం రెండు గంటలకి అడుగు, టాప్ మూసి నడుపు. ఏసీ ఎంతసేపటికి చల్లబరుస్తుందో, లారీ పక్కన పోతుంటే టాప్ అంచుల్లో గాలి ఈల వేస్తుందో లేదో విను. తర్వాత కారుని వాటర్ వాష్‌కి తీసుకుపోయి, పైపు నీళ్ళు మెల్లగా టాప్ మీద వదిలి, లోపల కూర్చుని అంచుల వెంట చెయ్యి పోనివ్వు. సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాడు దీనికి ఒప్పుకోకుంటే అక్కడితో లేచి వచ్చెయ్. ఒప్పుకుంటే కార్పెట్ ఎత్తి కింద తడి ఉందేమో చూసి, అప్పుడు నాకు ఫోన్ చెయ్, ఇంజను చూడ్డానికి నేనొస్తా.