మూత తీయని కంప్యూటర్ చదువు

బల్ల కింద ఉండే కంప్యూటర్ పెట్టె మొత్తాన్ని ‘సీపీయూ’ అనడం మనకు అలవాటు. సీపీయూ మీద నీళ్లు పడ్డాయంటాం, సీపీయూని రిపేరుకి ఇచ్చామంటాం. దుకాణం బిల్లులో అదే పేరు, కాలేజీ స్టాకు రిజిస్టర్‌లోనూ అదే పేరు. అసలు సీపీయూ ఆ పెట్టెలో ఎక్కడో ఫ్యాను కింద కనబడకుండా ఉండే చిన్న పలక. ఏఎండీ వారి ఏఎం4 రకం ప్రాసెసర్ అయితే నాలుగు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అరచేతిలో పెట్టుకుంటే ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. వాడుకలో పేరు ఒకదాన్నుంచి ఇంకోదానికి జారడం తప్పేమీ కాదు. ఇంట్లో పెద్దవాళ్లు అన్నా, బిల్లు రాసే గుమాస్తా అన్నా ఎవరికీ నష్టం లేదు. కంప్యూటర్ సైన్సులో పట్టా పుచ్చుకున్నవాళ్లు కూడా అదే మాట అంటుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. నాలుగేళ్లపాటు ఆ యంత్రం ఎదుట కూర్చుని, దాని పక్కతలుపు ఒక్కసారైనా తీయని చదువు అది. ఇంజనీరింగ్ కానీ, డిప్లొమా కానీ, బీసీఏ కానీ, ఏ పేరుతో కంప్యూటర్ చదివినా, పట్టా చేతికొచ్చేలోపు ప్రతి విద్యార్థీ ఖాళీ క్యాబినెట్‌లో మదర్‌బోర్డు బిగించి, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై కలిపి, తెర మీద బొమ్మ రప్పించి తీరాలన్నది నా వాదన. రికార్డు పుస్తకంలో గీసే బొమ్మగా కాదు, తప్పితే మార్కులు పోయే పరీక్షగా.

ఇది కొత్త కోరికేమీ కాదు. జేఎన్‌టీయూ బీటెక్ సిలబస్‌లలో ఐటీ వర్క్‌షాప్ అనే ల్యాబ్ ఉంది. ప్రతి విద్యార్థీ కంప్యూటర్‌ని విప్పి, తిరిగి బిగించి, పనిచేసే స్థితికి తేవాలని అందులో ఏళ్ల తరబడి రాసి ఉంది. సిలబస్ రాసినవాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తట్టింది. ల్యాబ్ గడప దాటేసరికి అది చాలాచోట్ల వేరే రూపం ఎత్తుతుంది. ఒక పాత సిస్టమ్ చుట్టూ బ్యాచ్ బ్యాచంతా నిలబడితే అటెండరు మూత తీసి చూపిస్తాడు, ముందు వరస వాళ్లకు కనబడుతుంది, వెనక వరస వాళ్లు సీనియర్ల రికార్డులోంచి బ్లాక్ డయాగ్రమ్ దించుకుంటారు. అందరూ ఇంతేనని అనను. పట్టుబట్టి చేయించే అధ్యాపకులు ఉన్నారు. అయితే అది వాళ్ల మంచితనం మీద ఆధారపడ్డ విషయంగా ఉంది తప్ప పద్ధతిగా లేదు. అదే ల్యాబ్‌లో వర్డ్, ఎక్సెల్ నేర్పడానికి మాత్రం గంటలకు గంటలు దొరుకుతాయి.

ఇంతకీ ఆ బిగింపులో ఏముంది? మొదట స్క్రూల దగ్గరే చూద్దాం. క్యాబినెట్ గోడ ఇనుప రేకు. బోర్డు వెనకవైపు వందలాది టంకం మొనలు తేలి ఉంటాయి. రేకుకి బోర్డు నేరుగా ఆనితే అంతా షార్టే. అందుకే మధ్యలో చిన్న ఇత్తడి కాళ్లు బిగిస్తారు, వాటినే స్టాండాఫ్‌లంటారు. బోర్డుకి ఎక్కడ రంధ్రం ఉందో సరిగ్గా అక్కడే కాలుండాలి. పాత బోర్డు తాలూకు కాలు ఒకటి తీయకుండా వదిలేస్తే, అది కొత్త బోర్డుకి వెనకనుంచి గుచ్చుకుని ప్రాణం తీస్తుంది. ఇక కరెంటు సంగతి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ప్రాసెసర్‌కి ఆ 12 కూడా ఎక్కువే, అది నడిచేది ఇంచుమించు ఒక్క వోల్టు మీద. సాకెట్ పక్కన వరసగా నిలబడ్డ దిమ్మెలు, వాటి మీద కప్పిన అల్యూమినియం ముక్కలు, మూలన విడిగా ఉన్న ఎనిమిది పిన్నుల ప్లగ్గు, అన్నీ ఆ 12ని ఒకటికి దించే ఏర్పాటే. ఇప్పుడు పదో తరగతి లెక్క ఒకటి వేయండి. 100 వాట్ల ప్రాసెసర్ ఒక వోల్టు మీద నడిస్తే అది లాగే కరెంటు 100 ఆంపియర్లు. మన ఇళ్లలో గీజరు పెట్టే ప్లగ్గు 16 ఆంపియర్లది! ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 1700 సూక్ష్మమైన తీగలు ఎందుకు నిక్కి ఉంటాయో, వాటిలో పెద్ద వాటా సమాచారానికి కాక కరెంటు రాకపోకలకే ఎందుకు పోతుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పేస్టు ఎందుకు పెడతారని వైవాలో అడిగితే ‘చల్లబరచడానికి’ అంటారు. పేస్టు దేన్నీ చల్లబరచదు. నున్నగా కనబడే రెండు లోహపు ముఖాలు నిజానికి గరుకువి, వాటి సందుల్లో గాలి ఉంటుంది. వేడిని మోయడంలో రాగితో పోలిస్తే గాలి పదివేల రెట్లకు పైగా బలహీనం. ఆ గాలిని బయటికి నెట్టడమే పేస్టు పని. పేస్టు కూడా రాగి ముందు నాసిరకమే కాబట్టి పూత పలచగా ఉండాలి. ఈ నాలుగు మాటలూ పుస్తకంలో దొరుకుతాయి, నిజమే. స్క్రూ బిగిస్తూ విన్నవాడికి గుర్తుండిపోతాయి, అంతే తేడా.

ఇంకో సంగతి ఉంది, సాఫ్ట్‌వేర్ చదివేవాళ్లకు మరీ పనికొచ్చేది. ఒక కంపెనీ క్యాబినెట్‌లో ఇంకో కంపెనీ బోర్డు, దాని మీద మూడో కంపెనీ ర్యామ్, నాలుగో కంపెనీ పవర్ సప్లై ఎలా సరిపోతున్నాయి? 1981లో ఐబీఎం పీసీ ఇతరులు తయారుచేసిన కార్డులు గుచ్చుకోవడానికి వీలుగా వచ్చింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది. బోర్డు 305 మిల్లీమీటర్లు, 244 మిల్లీమీటర్లు. స్క్రూ రంధ్రాలు ఫలానా చోట. వెనక పోర్టులకు ఫలానా కిటికీ. ఆ తరవాత ప్రాసెసర్లు, ర్యామ్‌లు, కార్డులు ఎన్ని తరాలు మారాయో లెక్కలేదు. ఒకరి మార్కెట్ ఒకరు లాక్కోవాలని చూసే కంపెనీలు ఆ రంధ్రాల చోటు మాత్రం మార్చలేదు. జావా క్లాసులో ‘ఇంటర్‌ఫేస్’ అనే మాటకు నిర్వచనం బట్టీపట్టే విద్యార్థికి దాని అర్థం ఇక్కడ చేతికి తగులుతుంది. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లు రెండింటికీ 288 పళ్లే, కానీ మధ్యలోని గంటు కొద్దిగా పక్కకి జరిపారు. ఎంత నొక్కినా ఒకదాని గాడిలో ఇంకోటి దిగదు. పొరపాటుకి వీలే లేకుండా చేసిన మంచి డిజైన్ అది. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల ప్లగ్గు, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే ఎనిమిది పిన్నుల ప్లగ్గు మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి, లోపలి తీగల వరస వేరు. ఆకారంలో ఏదో చిన్న తేడా పెట్టారు, కానీ చీకట్లో బలం ఉపయోగించే చేతికి అది సరిపోదు. మంచి ఒప్పందం ఎలా ఉంటుందో, కాస్త తగ్గిన ఒప్పందం ఎలా ఉంటుందో రెండూ ఒకే బోర్డు మీద పక్కపక్కనే.

అసలు చదువు అన్నీ బిగించాక, స్విచ్ నొక్కితే ఏమీ కనబడనప్పుడు మొదలవుతుంది. రిపేరు దుకాణాల్లో దీన్ని ‘నో డిస్‌ప్లే’ అంటారు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, లైట్లు వెలుగుతుంటాయి, తెర నల్లగా ఉంటుంది. ర్యామ్ ఒకవైపు దిగి రెండోవైపు దిగకపోయి ఉండొచ్చు. ప్రాసెసర్ ప్లగ్గు మరిచిపోయి ఉండొచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఉండగా కేబుల్‌ని బోర్డు పోర్టులో గుచ్చి ఉండొచ్చు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ రకం అయితే దానికి సొంత గ్రాఫిక్సే ఉండదు, కార్డు లేకుండా బొమ్మ ఎప్పటికీ రాదు. బోర్డులోని బయోస్ పాతదై, కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టలేకపోవచ్చు. ఏ తప్పూ లేకపోవచ్చు కూడా: డీడీఆర్5 బోర్డు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, ఈలోపు కంగారుపడి స్విచ్ ఆపేసినవాడు పని మళ్లీ మొదటికి తెస్తాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల కౌంటర్ వెనక కూర్చునే మెకానిక్ ఊహతో పనిచేయడు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ ముక్క ఉంచి మిగతావన్నీ పీకేస్తాడు. బోర్డుని క్యాబినెట్‌లోంచి తీసి అట్టపెట్టె మీద పెడతాడు. ర్యామ్ పళ్లని పెన్సిలు రబ్బరుతో రుద్ది, తుడిచి, రెండువైపులా టక్కుమనేదాకా నొక్కుతాడు. బొమ్మ వస్తే ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతాడు. ఏది కలిపినప్పుడు ఆగిపోయిందో అదే దొంగ. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది రాసుకో, పనిచేసే స్థితినుంచి మొదలుపెట్టు: ప్రోగ్రాములో తప్పు వెతికేవాడికి ఇంతకంటే వేరే పద్ధతి లేదు. కోడ్ దగ్గర పది లైన్లు ఒకేసారి మార్చి అదృష్టం పరీక్షించుకునేవాళ్లు ఎందరో. వంగిన పిన్ను దగ్గర ఆ ఆటలు సాగవు, అక్కడ కంట్రోల్ జెడ్ లేదు.

‘గుచ్చడం, నొక్కడం, బిగించడం, ఇందులో విద్య ఏముంది? పిల్లల బొమ్మ ఇళ్ల లాంటిదే కదా, అరగంట వీడియో చూస్తే వచ్చేస్తుంది’ అని కొందరంటారు. ఇందులో సగం నిజం. బోర్డు బిగించినంత మాత్రాన ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో తెలియదు. కాష్ గురించి, పైప్‌లైన్ గురించి స్క్రూడ్రైవర్ ఏమీ చెప్పదు. దీన్ని కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠానికి బదులుగా పెట్టమని ఎవరూ అడగడం లేదు. వీడియోలో కనబడేది మాత్రం అన్నీ సవ్యంగా జరిగిన పని. సాకెట్ లీవరు దించేటప్పుడు వచ్చే ‘కర్ర్’మనే చప్పుడు మామూలేనా, లేక ఏదైనా విరిగిందా అన్న క్షణం వీడియోలో ఉండదు. ఎంత బలం చాలు, ఎక్కడ ఆగాలి అన్నది వేళ్లకు మాత్రమే వచ్చే జ్ఞానం. కెమిస్ట్రీ విద్యార్థికి టైట్రేషన్ వీడియో చూపించి ప్రాక్టికల్ మార్కులు వేయడం లేదు కదా.

లాప్‌టాప్‌లు, ఫోన్లు, క్లౌడ్ వచ్చాక డెస్క్‌టాప్ ఎవరిక్కావాలన్న ప్రశ్న ఇంకొంచెం బరువైనది. చాలా పలచటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డు మీదే టంకం పెట్టి అతికించేస్తున్నారు, విప్పినా నేర్చుకునేది తక్కువే. డెస్క్‌టాప్ కావాలనేది సరిగ్గా అందుకే. విప్పడానికి వీలున్న యంత్రం దాదాపు అదొక్కటే మిగిలింది. క్లౌడ్ అన్నది ఆకాశంలో లేదు. అమెజాన్ వారి హైదరాబాద్ డేటా సెంటర్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఆ భవనాల్లో అరలు అరలుగా ఉండేవీ బోర్డులే, వాటి మీదా సాకెట్లు, ర్యామ్ గాడులు, వేడిని లాగే లోహపు దిమ్మెలే. కొలతలు వేరు, ఖరీదు వేరు, సూత్రాలు ఇవే. ఇన్ని డేటా సెంటర్లు మా గడ్డ మీదికి వస్తున్నాయని పండగ చేసుకునే రాష్ట్రాల్లో కంప్యూటర్ పట్టభద్రులకు ర్యామ్ ఏ గాడిలో పెట్టాలో తెలియకపోవడం బాగోలేదు.

ఖర్చు మాటకొస్తే, పిల్లలు పిన్నులు వంచేస్తారు, బోర్డులు కాలిపోతాయి అని యాజమాన్యాలు భయపడతాయి. భయం న్యాయమైనదే, అందుకే కొత్త యంత్రాలు ఇవ్వొద్దు. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 మామూలుగా టీపీఎమ్ 2.0 చిప్పు అడుగుతుంది, ఇంటెల్ అయితే చాలావరకు ఎనిమిదో తరం నుంచి పైవాటినే ఒప్పుకుంటుంది. అంటే ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఈ కాలేజీల సొంత ల్యాబ్‌లలో శుభ్రంగా నడిచే డెస్క్‌టాప్‌లు మూలకి చేరుతున్నాయి. తుక్కుకి వేసేముందు వాటిని వర్క్‌షాప్ బల్ల మీదికి చేర్చండి. కొన్నిసార్లు విప్పి బిగించినా అవి ఓర్చుకుంటాయి, ఏ లినక్సో వేస్తే ఇంకో నాలుగేళ్లు పనిచేస్తాయి. పాడైతే పోయేది ఎలాగూ పోబోతున్నదే. ఒక్క నియమం మాత్రం రాతి మీద రాసినట్టుండాలి: పవర్ సప్లై డబ్బా మూత ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. ఏది విప్పకూడదో తెలియడమూ ఈ పనిలో భాగమే.

ఎవరూ పైకి అనని అడ్డంకి ఇంకొకటి ఉంది. స్క్రూడ్రైవర్ పట్టేది ఐటీఐ కుర్రాడి పని, కీబోర్డు పట్టేది ఇంజనీరు పని అన్న అంతరం మన మనసుల్లో పాతుకుపోయింది. ఐటీఐలలో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోసం విడిగా ట్రేడే ఉంది. అక్కడి శిక్షకులకు ఈ పని కొట్టినపిండి. వాళ్లని ఇంజనీరింగ్ కాలేజీకి పిలిచి, గౌరవంగా అధ్యాపకుల కుర్చీలో కూర్చోబెట్టి ఈ ల్యాబ్ అప్పగించవచ్చు. బీటెక్ విద్యార్థి వాళ్ల దగ్గర నేర్చుకుంటే చిన్నబోయేదేమీ లేదు.

పరీక్ష ఎలా పెట్టాలన్నది కూడా కష్టమైన సంగతి కాదు. ఇద్దరికి ఒక యంత్రం, రెండు గంటల సమయం, ఒక స్టార్ స్క్రూడ్రైవర్, కాస్త పేస్టు, ఒక పెన్సిలు రబ్బరు. ముందురోజు సాయంత్రం ప్రతి యంత్రంలోనూ ఒక తప్పు పెట్టి ఉంచాలి. ఒకదానిలో ర్యామ్ సగమే దిగి ఉంటుంది, ఒకదానిలో ప్రాసెసర్ ప్లగ్గు ఊడి ఉంటుంది, ఒకదానిలో పవర్ బటన్ నుంచి బోర్డుకి వచ్చే రెండు తీగలు వేరే పిన్నులకు తగిలించి ఉంటాయి. తప్పు దొరికిందా లేదా అన్నదానికి తక్కువ మార్కులు, ఏ వరసలో వెతికారో కాగితం మీద రాసినదానికి ఎక్కువ మార్కులు. ఆ మూడో యంత్రం ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది బటన్ నొక్కి నొక్కి, పవర్ సప్లై పోయిందని రాసేస్తారు. బోర్డు మీది సరైన రెండు పిన్నులని వెతికి, స్క్రూడ్రైవర్ మొనతో వాటిని క్షణంసేపు కలిపి, ఫ్యాను తిరగడం చూపించిన జతని ఎగ్జామినరు ఇక వైవా అడగనక్కర్లేదు.