ఆత్మశోధనలో కులం ప్రశ్న ఏది?

హైదరాబాదు అగ్రపీఠాధిపతి, మహాపూజ్య కార్డినల్ పూల ఆంథోని గారికి,



2022 ఆగస్టు 27న జగద్గురువు ఫ్రాన్సిస్ మిమ్మల్ని కార్డినల్‌ని చేశారు. ఆ స్థానానికి చేరిన మొదటి తెలుగువారు మీరే, మొదటి దళితులూ మీరే. ఆ రోజు మా విచారణ (పారిష్) గుళ్లలో గంటలు మోగించి పండుగ చేసుకున్నాం. ఆ సంతోషం మా హృదయ పరివర్తనం దాకా రావాలన్న తపనతో ఈ లేఖ రాస్తున్నాను.

తపస్కాలం వస్తే నుదుట విభూది పెట్టుకుంటాం. శుక్రవారాల్లో మాంసం మానేస్తాం, సిలువ మార్గం నడుస్తాం, పాస్కాకు ముందు పాపసంకీర్తనానికి వరసలో నిలబడతాం. ఇవన్నీ మంచివే. అయితే విభూది బుధవారం చదివే యోవేలు ప్రవచనమే, పైకి కనిపించే దుఃఖంతో దేవుడు తృప్తిపడడని హెచ్చరిస్తుంది. నేను చూసిన ప్రార్థన పుస్తకాల ఆత్మశోధనలో పూజ మానావా, అబద్ధమాడావా, కోపించావా అన్న ప్రశ్నలున్నాయి. సాటి విశ్వాసిని కులం పేరుతో దూరం పెట్టావా అన్న ప్రశ్న లేదు. అడగని పాపాన్ని మనం ఒప్పుకోం. ఒప్పుకోని పాపానికి పశ్చాత్తాపమూ ఉండదు.

ఈ కులం మరక పాతది. 18వ శతాబ్దంలో కర్నాటక మిషన్ ఫ్రెంచి జెస్యూట్ గురువులు సన్యాసుల్లా కాషాయం కట్టి తెలుగు నేల మీద సువార్త చెప్పారు. వారి త్యాగం గొప్పది. కానీ కులాచారాల జోలికి పోకుండానే జ్ఞానస్నానాలు ఇచ్చారు. దేవుడు మారాడు, కులం మారలేదు. నేటికీ చాలాచోట్ల పీఠం ముందు ఒకే దివ్యసత్ప్రసాదం అందుకున్నవాళ్ల మధ్య గుడి దాటాక కంచం పొత్తు కరువు, మంచం పొత్తు మరీ కరువు.

తిరుసభ మౌనంగా ఉందని నేను అనను. 2003 నవంబరులో తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ జగద్గురువు రెండో జాన్ పాల్ కుల వివక్షను సూటిగా తప్పుపట్టారు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసి, సంఘంలో అంటరానితనం ఇంకా ఉందని ఒప్పుకుంది. ఆ పత్రం విచారణ గడప తొక్కాలి.

పశ్చాత్తాపం, పాపాన్ని ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం: పాపసంకీర్తన సంస్కారంలో మనం చేయవలసినవి ఈ మూడూ అని 1551లో ట్రెంట్ మహాసభ బోధించింది. మూడోదాన్ని నాలుగు జపాలతో ముగిస్తున్నాం. సువార్తలోని జక్కయ్య అలా ముగించలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మనసు మారిందని ఎదుటివాడికి తెలిసేది అలాంటి లెక్కలోనే.

అందుకే మూడు విన్నపాలు. రాబోయే తపస్కాలానికి తెలుగు పీఠాధిపతులందరూ కలిసి ఒక కాపరి లేఖ రాయాలి. కులాహంకారం పాపమని అందులో పేరుపెట్టి చెప్పాలి, ఆత్మశోధన ప్రశ్నల్లో దాన్ని చేర్చాలి. 2016 విధానాన్ని ప్రతి గుడిలో తెలుగులో చదివించాలి. సమాధుల తోటలో, విచారణ మండలిలో, మన బడుల్లో చేర్చుకోవడంలో, ఉద్యోగాల్లో వివక్ష ఉందేమో ప్రతి విచారణా పరిశీలించి, ఉన్నచోట ఎలా సరిదిద్దుతుందో సంఘం ముందు చెప్పాలి. ఈ శోధన గురువుల నుంచి, గురువిద్యాలయాల నుంచి మొదలుకావాలి. కాపరులు ముందు మోకరిస్తే మంద వెనకాడదు.

కొందరు నొచ్చుకుంటారు, ఇల్లు చీలుతుందని భయపెడతారు. ఆ చీలిక ఇప్పటికే ఉంది, దాని భారమంతా పేద విశ్వాసి ఒక్కడే మోస్తున్నాడు. ఆ భారాన్ని దించమని మీ అగ్రపీఠంలోని సంఘాన్ని ఆజ్ఞాపించే అధికారం మీకుంది. రాబోయే తపస్కాలంలోనే ఆ అధికారాన్ని వాడండి.

క్రీస్తునాథునిలో,
ఒక తెలుగు కతోలిక విశ్వాసి