గూటికి దూరముగా

తిరుపతి జిల్లాలో దొరవారిసత్రమునకు సమీపమున నేలపట్టు అను చిన్న గ్రామము కలదు. అచటి చెరువులో కడపచెట్లు నీటిలోనే నిలిచి గుబురుగా పెరుగును. ఈశాన్య ఋతుపవనములు వీచి చెరువు నిండగానే పక్షులు వేలకొలదిగా వచ్చి ఆ చెట్లపై వాలును. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు ఒకే చెట్టు కొమ్మలను పంచుకొని గూళ్లు కట్టుకొనును. ఇన్ని జాతులు ఇంత యిరుకున ఎట్లు కాపురము చేయుచున్నవో చూచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. 1976వ సంవత్సరమున ప్రభుత్వము ఈ స్థలమును పక్షుల రక్షిత కేంద్రముగా ప్రకటించెను. దీనికి కొలది దూరముననే పులికాట్ సరస్సు ఉన్నది. ఆ ప్రాంతమున సూళ్లూరుపేటలో 2001వ సంవత్సరమున పక్షుల పండుగ మొదలయ్యెను. నాటినుండి ఈ పక్షుల పేరు దూరదేశములకు కూడ ప్రాకినది.

పేరుతోపాటు జనము పెరిగిరి. జనముతోపాటు కెమెరాలు పెరిగినవి. పూర్వము కొందఱు ధనికులకు మాత్రమే దక్కిన ఆ యంత్రము నేడు సెల్‌ఫోను రూపమున ప్రతివాని జేబులోను ఉన్నది. పక్షులను చూడబోవుట మిక్కిలి మంచి అలవాటు. ఈ విషయమున ఎవ్వరికిని భేదాభిప్రాయ ముండదు. కాని చూచుట వేఱు, చిత్రము పట్టుట వేఱు. ఈ రెండును ఒకటే యని భ్రమించుటవలన ఇటీవల పక్షులకు కీడు కలుగుచున్నది.

కెమెరా పక్షికి శత్రువుగా రాలేదు. మన దేశమున పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కయిన సలీం అలీ బాల్యమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని మెడపై పసుపుపచ్చని మచ్చ ఉండుట చూచి, అది ఏ జాతిదో తెలిసికొనగోరి బొంబాయిలోని ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. ఆయన జీవితమును తీర్చిన విద్య అక్కడనే ప్రారంభమైనది. 1931-32 సంవత్సరములలో ఆయన నైజాం రాష్ట్రమున పక్షుల సర్వే జరిపెను. ఆ కాలమున పక్షిని గూర్చి నిశ్చయముగా చెప్పవలెనన్నచో దానిని కొట్టి, చర్మమును పదిలపఱచి, కొలతలు తీయుటయే పద్ధతి. అట్టి తుపాకి స్థానమును దుర్భిణియు కెమెరాయు ఆక్రమించుట పక్షిజాతికి గొప్ప మేలు. చిత్రమును చూచి పక్షులపై ప్రేమ పెంచుకొన్న పట్టణవాసులు ఎందఱో కలరు. ఈ ఉపకారమును కాదనుట న్యాయము కాదు.

అయినను గూటియొద్ద కెమెరా తన స్వభావమును మార్చుకొనును. గూడబాతు సంగతియే చూడుడు. అది రెండు మొదలు నాలుగు వఱకు గ్రుడ్లు పెట్టి, ఇంచుమించు ఒక నెల పొదుగును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఒంటిమీద ఈకయే ఉండదు. మధ్యాహ్నపు టెండ ఆ లేతచర్మముపై పడినచో ఆ పిల్ల ఎంతోసేపు ఓర్వలేదు. అందుచేతనే తల్లిపక్షులు గూటిని విడువవు. కొంగలు తమ రెక్కలను గొడుగువలె విప్పి, తాము ఎండలో నిలిచి పిల్లలకు నీడ పట్టును. మనుష్యుడు గూటికి చేరువగా వచ్చినప్పుడు ఆ తల్లి బెదరి లేచును. ఆ గొడుగు పోవును. చుట్టుపట్ల కాచియున్న కాకి ఆ కొలది నిమిషములలోనే గ్రుడ్డును తన్నుకొనిపోవును.

ఒక చెట్టుపై పక్షులన్నియు ఒక్కసారిగా లేచినప్పుడు ఆకాశమంతయు రెక్కలతో నిండును. ఆ దృశ్యము చిత్రమునకు మిక్కిలి అందము. ఆ అందముకొఱకే చప్పట్లు చఱచువారు, రాయి విసరువారు కూడ కలరు. ఆ చిత్రమును గోడకు తగిలించుకొని మెచ్చుకొనువారికి రెక్కలు కనబడును గాని క్రింద ఎండలో మిగిలిన పిల్ల కనబడదు. మఱికొందఱు గూడు స్పష్టముగా కానవచ్చుటకై అడ్డమున్న రెమ్మలను విఱుతురు. ఆ రెమ్మలే గద్ద కంటినుండి గూటిని దాచుచున్నవని వారికి తోచదు. ఇంకొందఱు ముందుగా పట్టియుంచిన పక్షికూతను యంత్రముతో వినిపింతురు. మగపక్షి తన చోటికి పరాయిపక్షి వచ్చినదని తలచి, మేత మాని, కలవరపడుచు బయటికి వచ్చును. దానిని చిత్రము తీసికొని, నేర్పరితన మని మురియుదురు. అది నేర్పు కాదు, వంచన.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో 'వేట' అను మాటకు ఇచ్చిన అర్థమును చాలమంది చదువలేదు. చంపుట, పట్టుట మాత్రమే వేట కాదు. అడవిపక్షుల గ్రుడ్లను గాని గూళ్లను గాని కలతపెట్టుట కూడ వేటయే అని ఆ చట్టము చెప్పుచున్నది. అనగా తుపాకి పట్టనివాడు సైతము వేటకాడు కావచ్చును.

కెమెరాను ఎట్లు వాడవలయునో తెలిపిన వారును లేకపోలేదు. కడప ప్రాంతపు కలివికోడి 1848లోనే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన పక్షి. 1900 తరువాత అది ఎవ్వరికిని కనబడలేదు. జాతియే నశించినదని పెద్దలు భావించిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున, స్థానికుల సాయముతో అది మరల బయటపడెను. పగలు పొదలలో దాగి, రాత్రివేళ మాత్రమే తిరుగు ఈ పక్షిని తఱిమిన లాభము లేదు. కావున తరువాతి కాలమున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పఱచి, మరునాటి ఉదయము దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించిరి. మనుష్యుడు దాపున లేకయే చిత్రము తీయు కెమెరాలను అమర్చిరి. అక్కడ కెమెరాయే పక్షికొఱకు వేచియుండెను.

ఓపిక విషయమున పల్లెప్రజలు శాస్త్రజ్ఞులకు తీసిపోరు. నేలపట్టు రైతులకు పక్షులు బరువు కాదు. వాని రెట్టలు కలిసిన చెరువునీరు పొలములకు ఎరువై పాఱును. తమిళదేశమున చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ గ్రామస్థులు పద్దెనిమిదవ శతాబ్ది చివరనే, సిపాయిలు తమ చెరువు పక్షులను కాల్చుచుండగా కలెక్టరుతో మొఱపెట్టుకొని కాపుదల హక్కును వ్రాయించుకొనిరి. శివగంగ జిల్లాలోని కొల్లుకుడిపట్టిలో నేటికిని దీపావళినాడు పక్షులు బెదరునని టపాకాయలు కాల్చరు. పిల్లలకు టపాకాయలు మానుట ఎంత కష్టమో తలిదండ్రులకే తెలియును! ఆ పిల్లలు ఏటేట ఆ కష్టమునకు ఓర్చుచుండగా, ఒక్క పూట చూచిపోవుటకు వచ్చినవారు పది గజములు వెనుక నిలువలేకుండుట సిగ్గుచేటు.

పాఠశాలలవారు జరుపు విహారయాత్రలు కూడ ఈ దోషమునకు దూరము కావు. పదిగంటలవేళ బస్సు ఆగును. అప్పటికే ఎండ ముదిరియుండును. విద్యార్థులు కేకలువేయుచు గట్టుమీద పరుగెత్తుదురు. కెమెరాకు వీపు కాదు, పక్షులకు వీపు చూపి నిలిచి తమ చిత్రములు తామే తీసికొందురు. పులిహోర పొట్లములు విప్పుదురు. గంటలో తిరుగుముఖము పట్టుదురు. ఏ పక్షి ముక్కు ఎట్లున్నదని మరునాడు అడిగినచో పలుకువాడు ఉండడు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందు ఉండును. నత్తలను తినుటకు అది అనువైన సాధనము. అరగంట కదలక కూర్చున్న బాలునికి ఆ సందు తనంతట తానే కనబడును. దానికి కావలసినది తెల్లవారకముందే లేచుట, మెఱపురంగుల దుస్తులు మానుట, ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకము. దుర్భిణి ఒక్కటి ఉన్నచో పదిమందికి సరిపోవును.

నేలపట్టులో చెరువును చూచుటకు ఎత్తైన మంచె కట్టియున్నారు. సాయంకాలమున గూడబాతులు పులికాట్ దిక్కునుండి మేత తెచ్చును. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలో దూర్చి చేపను అందుకొనుట అక్కడనుండి దుర్భిణితో చక్కగా కనబడును. సెల్‌ఫోనుతో తీసినచో ఆకుపచ్చని చెట్టుపై ఒక తెల్లని చుక్క మాత్రమే పడును. ఆ చుక్కనే ఇంటికి తెచ్చి తల్లికి చూపి, అది ఏమి చేయుచుండెనో దీపాలవేళ దాటువఱకు చెప్పగల బాలుడు నిజముగా నేలపట్టు చూచి వచ్చినవాడు.