డబ్బా కోసం దేవులాట!

గుట్ట మీద ఒక పెద్దమనిషి. చేతిలో సెల్‌ఫోను కన్నా కాస్త లావుపాటి పరికరం. నాలుగడుగులు ముందుకేస్తాడు, దాన్ని చూస్తాడు, రెండడుగులు వెనక్కి వస్తాడు. బండ సందులో చెయ్యి పెట్టి తడుముతాడు. మళ్లీ పరికరం చూస్తాడు. నల్గొండ జిల్లాలో ఇలాంటి మనిషి కనిపిస్తే ఊళ్లోవాళ్లకు వచ్చే అనుమానాలు మూడే. బోరు పాయింటు పెట్టడానికి వచ్చాడు. లేదంటే కాలువకో రోడ్డుకో భూమి సర్వే చేస్తున్నాడు. అదీ కాకపోతే... గుప్తనిధులు!

దేవరకొండ వైపు బళ్లలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఈ లెక్కల సారు ఆ మూడింట్లో దేనికీ రాలేదు. ఆయన వెతుకుతున్నది ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉన్నవి ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, నాలుగు గోలీలు. ఆ డబ్బాను అక్కడ దాచింది కూడా ఆయనే!

ఈ ఆట పేరు జియోక్యాచింగ్. ఒకరు డబ్బా దాచిపెట్టి, అది ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెడతారు. ఇంకొకరు జీపీఎస్ పట్టుకుని ఆ అంకెల వెంట వెళ్లి వెతుకుతారు. దొరికితే పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు. లోపలి వస్తువేదైనా తీసుకుంటే అంతే విలువైనదో, ఇంకాస్త మంచిదో పెట్టాలి. అంతే! బహుమతి లేదు, చప్పట్లు లేవు.

బకెట్‌తో మొదలు

2000 మే నెల దాకా మామూలు జనం చేతిలోని జీపీఎస్ వంద మీటర్లు అటూఇటూగా చూపించేది. సైన్యానికి తప్ప ఇంకెవరికీ కచ్చితమైన లెక్క అందకూడదని అమెరికా ప్రభుత్వం సంకేతాలను కావాలనే చెడగొట్టేది. అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ అడ్డు తీసేయమన్నారు. మే 2న రాత్రికి రాత్రే తేడా పది, ఇరవై మీటర్లకు దిగింది. ఆ మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, దాని అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. కొద్దిరోజుల్లోనే దాన్ని కనిపెట్టేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఈ ఆటకో వెబ్‌సైటు వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఇలాంటి డబ్బాలు ముప్పై లక్షలకు పైనే ఉన్నాయి.

2009లో సియాటిల్‌లోని కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు సారుకు ఈ ఆట పరిచయమైంది. మనవడితో కలిసి పార్కులో పడిపోయిన చెట్టు మొద్దు కింద మొదటి డబ్బా పట్టుకున్నారు. ‘‘ముప్పై ఏళ్లు అక్షాంశాలు, రేఖాంశాలు బోర్డు మీద గీశాను. వాటి మీద కాళ్లతో నడవచ్చని ఆ రోజే తెలిసింది’’ అంటారు. తిరిగొస్తుంటే కొడుకు జీపీఎస్ కొనిచ్చాడు. ‘‘పొద్దున పెట్టిన కళ్లద్దాలు సాయంత్రానికి దొరకవు గానీ, ఎవరో దాచిన డబ్బా మాత్రం దొరుకుతది’’ అని భార్య ఇప్పటికీ దెప్పుతారు.

‘నీళ్లు పడ్తయా సారూ?’

ఇక్కడికొచ్చాక అసలు పాఠాలు మొదలయ్యాయి. అమెరికాలో ఎవరైనా పొదల్లో వంగి వెతుకుతుంటే చూసినవాళ్లు చూడనట్టే పోతారు. మన దగ్గర అలా కుదరదు. పది నిమిషాల్లో పదిమంది చేరతారు. ‘‘ఏం దేవులాడుతున్నవ్ సారూ?’’ అని అడుగుతారు. వాళ్లూ నాలుగు రాళ్లు ఎత్తి చూస్తారు.

ఒకసారి పత్తిచేలో నుంచి నడుస్తుంటే ఓ రైతు పరుగున వచ్చాడు. ‘‘జెర మా చెల్కల గూడ సూడు సారూ. మూడు బోర్లేసిన, మూడూ పోయినయి. నీ మిషిన్ల నీళ్లు గనపడ్తయా?’’ అని బతిమాలాడు. ఇది దిక్కు చెప్పే పరికరమే తప్ప నీళ్లు చెప్పదని సారు ఎంత చెప్పినా నమ్మలేదు. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని నమ్మిన చోట, ఆకాశంలోని ఉపగ్రహాల మాట వినే యంత్రాన్ని నమ్మడంలో తప్పేముంది? మరో ఊళ్లో ఒక ముసలమ్మ చేతులు జోడించింది. ‘‘మా భూమి పోతదా కొడుకా?’’

ఆ రోజు ఇంటికొచ్చి సారు అన్నం సరిగా తినలేదట. ‘‘నాకది ఆట. ఆమెకు అరెకరం. పరికరం పట్టుకుని ఊళ్లోకి పోయేటోడు ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలె’’ అంటారు. అప్పటినుంచీ ఆయన పద్ధతి మారింది. ఊళ్లోకి వెళ్లగానే ముందు టీకొట్టు దగ్గర కూర్చుంటారు. తను ఎవరో, ఎందుకొచ్చారో చెప్పాకే గుట్టెక్కుతారు.

ఈ అనుమానం కొత్తదేమీ కాదు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే, ఆ తర్వాత 78వ రేఖాంశాన్ని పట్టుకుని దక్షిణం నుంచి ఉత్తరానికి సాగింది. ఆ రేఖ మహబూబ్‌నగర్ పట్టణం పక్కనుంచే పోతుంది. వాళ్లు మోసుకెళ్లిన థియోడలైట్ బరువు దాదాపు అరటన్ను. కొండలెక్కి దుర్బిణీలో చూస్తుంటే, ఊళ్లల్లోని ఆడవాళ్లను చూస్తున్నారని జనం గొడవకు దిగిన కథలు ఆ సర్వే చరిత్రలో ఉన్నాయి. రెండొందల ఏళ్లలో అరటన్ను యంత్రం అరచేతిలోకి వచ్చింది. అనుమానం మాత్రం అంతే బరువుంది!

లంకెబిందెల భయం

అన్నిటికన్నా పెద్ద చిక్కు మూడో అనుమానం. సారు తన డబ్బాను ఒక పాడుబడ్డ గుడి దగ్గరి గుట్ట మీద దాచారు. ఏడాది తర్వాత ఎలా ఉందో చూద్దామని వెళ్తే, మేకలు కాసే పిల్లాడు చూసి ఊళ్లో చెప్పాడు. అరగంటలో పన్నెండు మంది కర్రలతో వచ్చారు. ఎవరు నువ్వు, మిగతా బ్యాచ్ ఎక్కడ, గడ్డపారలు ఎక్కడ దాచారని నిలదీశారు.

వాళ్ల కోపంలో న్యాయముంది. లంకెబిందెల ఆశతో పాత గుళ్లలో లింగాల్ని, నందుల్ని పెకలించి, కోటల్లో గోతులు తవ్విపోయిన సంఘటనలు తెలంగాణలో ఎన్నో. పద్మనాయకులు ఏలిన రాచకొండ, దేవరకొండ కోటలున్న నేల ఇది. అలాంటి చోట జీపీఎస్ పట్టుకుని బండల కింద చెయ్యి పెట్టేవాణ్ని ఎవరు నమ్ముతారు? నిజంగా నిధి దొరికినా అది దొరికినవాడి సొంతం కాదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాల్సిందే.

చివరికి అందరి ముందూ డబ్బా మూత తెరిచారు. పెన్సిలు, గోలీలు, నోటుపుస్తకం, ఒక రూపాయి బిళ్ల. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన, ‘‘గీ పెన్సిలు కోసం గింత గుట్టెక్కినవా సారూ?’’ అనేసరికి అంతా నవ్వారు. వాళ్లలో ఒకడు సారు దగ్గర ఏడో తరగతి చదువుకున్నవాడే. ‘‘దెబ్బలు తప్పినయి, ఎక్కాలు పుణ్యం’’ అని ఇప్పుడు నవ్వుతూ చెబుతారు గానీ, ఆ రోజు కాళ్లు వణికాయట.

అందుకే ఆయన కొన్ని నియమాలు పెట్టుకున్నారు. గుడి, కోట, సమాధి... పాతకట్టడం ఏదైనా సరే, దాని దగ్గర డబ్బా పెట్టకూడదు. బస్టాండు, రైల్వే స్టేషను, సంత ఛాయలకు పోనేకూడదు. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన జనానికి దిక్కులేని డబ్బా కనిపిస్తే గుండె ఆగుతుంది. ఆ భయంతో ఆటలాడే హక్కు ఎవరికీ లేదంటారు. భూమి యజమానిని అడగకుండా ఏదీ పెట్టకూడదు. అమ్రాబాద్ పులుల అడవిలోకి అనుమతి లేకుండా అడుగేయకూడదు. గొయ్యి తవ్వడం అసలే పనికిరాదు. తవ్వకూడదన్నది ఈ ఆటకు ప్రపంచమంతా ఉన్న నియమమే.

నాలుగు మ్యాపుల మూల

డబ్బా లేకుండానే ఆడే పద్ధతులూ ఉన్నాయి. ఒకటి ఎర్త్‌క్యాచ్. 2004లో మొదలైంది. దాచడాలూ వెతకడాలూ ఉండవు. ఒక బండ దగ్గరికో వాగు దగ్గరికో వెళ్లి, అది ఎలా ఏర్పడిందో గమనించి ప్రశ్నలకు జవాబులు రాయాలి. మన గుట్టల గ్రానైటు వయసు రెండొందల కోట్ల ఏళ్లకు పైమాటే. ఉల్లిపొరల్లా పెచ్చులూడే బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు... నల్గొండ, పాలమూరుల్లో ఈ ఆటకు కొదవేముంది!

ఇంకోటి 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికన్ మొదలుపెట్టినది. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్ణాంకాలుగా కలిసే చోటుకు వెళ్లి ఫొటో తీయడం. సారుకు ఇది ప్రాణం. 17 డిగ్రీల అక్షాంశం, 79 డిగ్రీల రేఖాంశం కలిసే బిందువు నల్గొండకు పడమటగా 30 కిలోమీటర్ల దూరంలో, మునుగోడు, చండూరుల వైపు పడుతుంది. 17, 78 కలిసే బిందువు మహబూబ్‌నగర్‌కు ఉత్తరంగా 30 కిలోమీటర్లలో ఉంది. రెండింటి మధ్యా దాదాపు 106 కిలోమీటర్లు. పాత రెండు జిల్లాలకూ చెరొకటి పంచినట్టుంది!

నల్గొండ వైపు బిందువుకు మరో విశేషముంది. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో 56కె, 56ఎల్, 56ఓ, 56పి అనే నాలుగు షీట్ల మూలలూ అక్కడే కలుస్తాయి. అంత గొప్ప మూల దగ్గర ఏముంటుందని అడిగితే, ‘‘అన్ని చేన్ల లాంటి చేనే’’ అంటారు సారు. ఆ చుట్టుపక్కల ఊళ్లు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లు. ‘‘మ్యాపులో అది ఒక చుక్క. అక్కడికి పోతే తెలుస్తది, ఆ చుక్క మీద మనుషులు ఎట్లున్నరో’’ అనేది ఆయన మాట.

అంకెలున్నయ్... గుట్టేది?

ఈ ఆటతో ఆయనకు ఒక దిగులు కూడా పట్టుకుంది. 2011లో రాసుకున్న ఒక గుట్ట అంకెలు పట్టుకుని పదేళ్లకు మళ్లీ వెళ్లారు. పరికరం సరిగ్గా అక్కడికే తీసుకెళ్లింది. గుట్ట లేదు. క్వారీ గుంత, దాంట్లో పచ్చటి నీళ్లు. ‘‘అక్షాంశం ఉన్నది, రేఖాంశం ఉన్నది, గుట్ట పోయింది’’ అంటారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. గుడికి ఆ భాగ్యం దక్కింది. పేరులేని గుట్టను విప్పి ఎవరు ఎక్కడ కడతారు?

అలాగని అన్నీ చేజారిపోలేదు. కృష్ణా తీరంలోని ముడుమాల్ నిలువురాళ్లకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. చెదలు పట్టి కొమ్మలు కూలుతున్న పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్నారు. ఎవరో ఒకరు వెళ్లి చూస్తుంటేనే, పోతున్నదేదో తెలుస్తుందన్నది సారు నమ్మకం. ఈ ఆట వల్ల లోకానికి మేలేమిటని అడిగేవాళ్లకు ఆయన జవాబు కూడా ఇదే.

ఇక ఆ గోలీల డబ్బా సంగతి. కర్రల గొడవ తర్వాత దాన్ని పెద్దమనుషుల అనుమతితోనే గుడికి దూరంగా ఇంకో గుండు కింద పెట్టారు. ఆర్నెల్లకు వెళ్తే లేదు. వాకబు చేస్తే గొర్లకాపరి తాత దగ్గర తేలింది. ‘‘మంచిగ మూత బిగుతున్నది సారూ, తంబాకుకు పనికొచ్చింది’’ అన్నాడాయన, ఏ మొహమాటం లేకుండా. గోలీలు మనవళ్లు పంచుకున్నారు. నోటుపుస్తకం అయిదో తరగతి చదివే మనవరాలి సంచిలో ఉంది.

సారు దాన్ని తెరిచి చూశారు. మొదటి పేజీలో ఆయన సంతకం. తర్వాత పేజీలో వంకరటింకర అక్షరాలతో ఆ పిల్ల రాసింది... దున్నపోతు గుండు, తొట్టి గుండు, ఉయ్యాల గుండ్లు, దొంగల సొరిక. ఆ గుట్ట మీద తాత చెప్పిన పేర్లన్నీ వరసగా ఉన్నాయి. పక్కనే తన పేరు, తరగతి. సారు దగ్గరున్న ఏ మ్యాపులోనూ వాటిలో ఒక్క పేరూ లేదు.

తంబాకు డబ్బాను తాతకే వదిలేశారు. మర్నాడు ఒక కొత్త నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు కొనుక్కుని మళ్లీ ఆ ఊరికి బస్సెక్కారు. ఈసారి గుట్టెక్కి దారి చూపించింది ఆ పిల్ల. ఒక్కో గుండు దగ్గరా ఆగి అంకెలు రాసుకున్నారు సారు. వాటి పక్కన పేర్లు రాసింది ఆ పిల్ల.